పాత బొమ్మల కథలు: సేకరణము, పఠనము
(బస్తరు సరిహద్దు ఆధారముగా ఒక పరిశీలనము)

1. విషయ స్వరూపము

తాళపత్రములను సేకరించువానిని లోకము పండితుడని గౌరవించును. పాత బొమ్మల కథల పుస్తకములను సేకరించువానిని చూచి నవ్వును. ఈ రెండు పనులకును కావలసిన శ్రద్ధయు, ఓపికయు, వివేచనయు ఒక్కటియే యని చూపుట ఈ వ్యాసమునకు మొదటి ప్రయోజనము. ఈ సేకరణమువలన కలుగు ఆనందము కేవలము బాల్యస్మృతివలన పుట్టినది కాదు. అది పాఠపరిశోధకుని ఆనందమునకు దగ్గరి చుట్టము. అయితే ఆ ఆనందము సంపూర్ణము కావలెనన్నచో, బొమ్మలలో కనిపించినవారు ఎవరు, ఆ కథను వారి భాషలో ఎవరైన చెప్పిరా యను ప్రశ్నను కూడ అడుగవలసియున్నది. ఆ ప్రశ్న బస్తరులో మిక్కిలి స్పష్టముగా ఎదురగును. కనుకనే ఆ ప్రాంతమును ఆధారముగా గైకొంటిని.

ముందుగా పరిభాషను స్థిరపరచుకొందము. బొమ్మలు గల కథ వేరు, బొమ్మల కథ వేరు. మొదటిదానిలో బొమ్మను తొలగించినను కథ నిలుచును. రెండవదానిలో బొమ్మను తొలగించినచో కథ కూలును. కామిక్సు అని వ్యవహారములో మనము పిలుచునది ఈ రెండవ జాతి. ఇందు పుట గడులుగా విభక్తమైయుండును. పాత్రల మాటలు బుడగలలో ఉండును. ఒక గడిలో నాయకుడు పిడికిలి ఎత్తును. మరుసటి గడిలో దొంగ నేలపై పడియుండును. దెబ్బ ఏ గడిలోను లేదు. దానిని కొట్టినవాడు పాఠకుడు.

వాక్యార్థమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఆవశ్యకములని మన శాస్త్రకారులు చెప్పిరి. బొమ్మల కథకు ఈ మూడును చక్కగా అన్వయించును. పిడికిలి ఎత్తిన గడి తరువాతి గడిని కోరుచున్నది; ఇది ఆకాంక్ష. పడినవాడు ఆ దెబ్బకు పడదగినవాడు, ఇది యోగ్యత. రెండు గడులును పక్కపక్కన ఉన్నవి, ఇది సన్నిధి. గడుల నడిమి ఖాళీలో పాఠకుడు చేయునది అధ్యాహారము. ఈ దృష్టితో చూచినచో బొమ్మల కథ చదువు రాని వారికొరకు పుట్టిన సులభవినోదము కాదు, మరియొక విధమగు వాక్యరచన.

ఈ రచన మన దేశమునకు పూర్తిగా క్రొత్తది కాదు. ఒకే కథలోని వేర్వేరు ఘట్టములను ఒకే ఫలకమున చూపుట అమరావతి శిల్పములలో కలదు. తెలంగాణములోని చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన పటములపై అడ్డుగీతలతో ఘట్టములను విభజించి కులపురాణములను చిత్రించిరి. కథకుడు పటమును విప్పుచు కథ చెప్పెను. బస్తరులోని మాడియా జనులు మృతుల స్మృత్యర్థము నిలిపిన కొయ్య స్తంభములపై మనుష్యులను, జంతువులను వరుసలుగా చెక్కిరి. కామిక్సు పుస్తకము పాశ్చాత్యము. బొమ్మల వరుసలో కథను గ్రహించు అలవాటు మాత్రము మనది.

2. బస్తరు: భాషల కూడలి

బస్తరు పేరు వినగానే అడవి స్ఫురించును. భాషాపరిశోధకునికి స్ఫురించవలసినది కూడలి. హల్బీ ఆర్యభాష. గోండీ, దాని మాండలికములు, ధుర్వా లేక పర్జీ యనునవి ద్రావిడభాషలు. పర్జీని గూర్చి బరో, భట్టాచార్యలు 1953లో ప్రకటించిన గ్రంథము ద్రావిడభాషాధ్యయనమున ప్రసిద్ధము. దక్షిణమున కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో దోర్లా జనుల పలుకుబడిపై తెలుగు ముద్ర గాఢముగా కలదు. ఈ సంబంధము నిన్నటిది కాదు. 11వ శతాబ్దిలో ఇచ్చట ఏలిన ఛిందక నాగవంశీయుల శాసనములలో తెలుగు శాసనములు కలవు. బార్సూరు మొదలగు చోట్ల లభించిన వానిని హీరాలాల్ ప్రకటించెను. కాకతీయ సామ్రాజ్యము 1323లో పతనమైన పిమ్మట అన్నమదేవుడు ఇచ్చటికి వచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు సంప్రదాయము.

ఆధునిక కాలమున మరి రెండు ప్రవాహములు ఇచ్చటికి చేరినవి. 1958లో ఏర్పడిన దండకారణ్య పథకము తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులకు ఈ ప్రాంతమున భూములు చూపెను. 1960 దశకమున బైలాడిల ఇనుప గనులు తెరువబడి, విశాఖపట్టణపు రేవునకు ఖనిజము చేర్చుటకు కొత్తవలస, కిరండూల్ నడుమ రైలుమార్గము నిర్మింపబడెను. ఆ మార్గమున ఖనిజము క్రిందికి దిగెను. తెలుగు కుటుంబములు పైకి ఎక్కినవి. కుటుంబములతోపాటు వారి పత్రికలును ఎక్కినవి.

ఫలితముగా ఒకే జిల్లాలో బడి హిందీ, సంత హల్బీ, ఇల్లు గోండీ, పొరుగు తెలుగో బెంగాలీయో అగుట సంభవించెను. జగదల్పూరులో పాత కాగితముల వ్యాపారులు తూకమునకు కొనిన గుట్టలలో ఈ సంగతి కంటికి కనిపించును. తెలుగు చందమామ క్రింద హిందీ చందమామ, దానిక్రింద అట్టలేని ఇంద్రజాల్ కామిక్సు, మరికొంత క్రిందుగా బెంగాలీ బాలల పత్రికలోని పుటలు నాకు ఒకే గుట్టలో దొరకినవి. గ్రంథాలయములు భద్రపరచని భాషాచరిత్రను తూకపు రాళ్లు భద్రపరచినవి.

3. సామగ్రి

సేకర్తకు లభించు సామగ్రిలో మూడింటిని ముఖ్యముగా పేర్కొనవలెను.

మొదటిది చందమామ. దీనిని బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిరి. హిందీ పత్రిక 1949లో వెలువడెను. 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావు దీనిని తీర్చిదిద్దిరి. దాసరి సుబ్రహ్మణ్యము 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి వరుసగా వ్రాసిన అద్భుత ధారావాహికలకొరకు పిల్లలు నెలనెల ఎదురుచూచిరి. చిత్రా, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ మొదలగువారి బొమ్మలు దాని ప్రాణము. భుజముపై శవముతో, చేత కత్తితో నడచు విక్రమార్కుని చిత్రించిన శంకర్ 2020లో తమ 97వ యేట కన్నుమూసిరి. పత్రిక 2013 నాటికి నిలిచిపోయెను. చందమామ ప్రధానముగా బొమ్మలు గల కథల పత్రికయే. అయినను ప్రతి పుటలోను బొమ్మ ముందు కనబడి, పిమ్మట అక్షరము కనబడునట్లు కూర్చిన ఆ పత్రిక బొమ్మల కథకు మన పిల్లల కన్నులను సిద్ధము చేసెను.

రెండవది ఇంద్రజాల్ కామిక్సు. బెనెట్ కోల్మన్ సంస్థ దీనిని 1964 మార్చిలో ప్రారంభించెను. ఎనిమిది వందల సంచికలు దాటి 1990లో నిలిచెను. అమెరికాలో లీ ఫాక్ సృష్టించిన మాండ్రేక్ (1934), ఫాంటమ్ (1936) దీనిలో ప్రధాన నాయకులు. 1976లో ఆబిద్ సూర్తీ సృష్టించిన బహాదుర్ అను భారతీయ నాయకుడు వీరి సరసన చేరెను.

మూడవది అనంత్ పాయ్ 1967లో ఆరంభించిన అమర చిత్ర కథ. పురాణేతిహాసములను, చారిత్రకపురుషుల జీవితములను గడులలో కూర్చిన ఈ శ్రేణి పలు భారతీయభాషలలో వ్యాపించెను.

తెలుగువారి స్వతంత్రకృషి ఈ మూడింటికి వెలుపలను కలదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి, ‘బుజ్జాయి’ అను పేర, ‘డుంబు’ను సృష్టించి తెలుగున బొమ్మల కథకు త్రోవ తీసిరి. ఆయన పంచతంత్రము 1963 నుండి 1968 వరకు ఇల్లస్ట్రేటెడ్ వీక్లీలో ఇంగ్లీషున ధారావాహికగా వెలువడెను. తెలుగు చిత్రకారుని గీతతో పంచతంత్రము దేశమంతటికి చేరిన సంగతి మన సాహిత్యచరిత్రలలో ఒక పంక్తికైన నోచుకొనలేదు.

4. కాలనిర్ణయము

తాళపత్రమునకు కొలఫను వలె ప్రతి పుస్తకమునకు అట్టపై తేది యుండిన సేకర్తకు పని యుండదు. కాని మన చేతికి వచ్చు ప్రతులలో అధికభాగమునకు అట్టలు లేవు. ధారావాహికల పుటలను చించి, దారముతో కుట్టి, గట్టి అట్టతో బైండు చేయించుకొనుట ఆనాటి ఇండ్లలో పరిపాటి. కథ దక్కెను, తేది పోయెను. అపుడు అంతర్గత సాక్ష్యములు శరణ్యములు.

వెల అణాలలో ఉన్నచో ఆ ప్రతి సాధారణముగా 1957 ఏప్రిల్ 1కి పూర్వపుది; ఆనాడు దశాంశ నాణెములు వచ్చినవి. ‘నయా పైసలు’ అని యున్నచో 1957కును 1964కును నడుమ ముద్రితము. ఏలయన 1964 జూన్‌లో ‘నయా’ అను విశేషణము తొలగింపబడెను. ప్రకటనలోని చిరునామాలో పిన్ సంఖ్య ఉన్నచో అది 1972 ఆగస్టు 15కు తరువాతిది. మద్రాసు రాష్ట్రమని యున్నచో 1969కి పూర్వమనియు, మైసూరు రాష్ట్రమని యున్నచో 1973 నవంబరుకు పూర్వమనియు ఊహింపవచ్చును. ప్రతిపై చదువరి ముద్రించుకొన్న చిరునామాలో బస్తరు ‘మధ్యప్రదేశ్’లో ఉన్నదా, ‘ఛత్తీస్‌గఢ్’లో ఉన్నదా అను దానిని బట్టి 2000 నవంబరు 1కి ముందు వెనుకలు తెలియును. ఈ చివరి సాక్ష్యము ముద్రణకాలమును చెప్పదు, స్వామ్యకాలమును చెప్పును. ఈ రెండింటి భేదమును మరువరాదు. అలవాటు బలము కొద్ది పాత పేర్లు కొంతకాలము ప్రకటనలలో నిలిచియుండును గనుక, ఒక్క సాక్ష్యముపై తీర్పు చెప్పక రెండుమూడింటిని కలిపి చూడవలెను.

సబ్బు ప్రకటన వెనుకనున్న వెలను బట్టి ఒక కథకు కాలము నిర్ణయించిననాడు కలుగు సంతోషము, శాసనమున అరిగిన శకసంవత్సరమును చదివిన సంతోషమువంటిదే. అందువలననే ప్రకటనలను తొలగించి కథలను మాత్రమే స్కాను చేయువారు తెలియకయే సాక్ష్యమును నశింపజేయుచున్నారని చెప్పవలసియున్నది.

5. పాఠభేదములు, నామానువాదములు

పాఠభేదములు లేనిది పరిష్కర్తకు పని లేదు. బొమ్మల కథలలో అవి పుష్కలముగా ఉన్నవి. ఫాంటమ్ నివసించు దేశమునకు మూలమున బెంగాల్లా అని పేరు. భారతీయ పాఠకుడు దీనిని వంగదేశమని భ్రమించునని కాబోలు, ఇంద్రజాల్ సంపాదకులు దానిని డెంకాలీ యనిరి. మూలమున ఓడదొంగల ముఠా పేరు సింగ్. మన దేశమున అది గౌరవనీయమగు ఇంటిపేరు గనుక సింగా అయ్యెను. ఇవి లేఖకప్రమాదములు కావు, బుద్ధిపూర్వకమగు సవరణలు. ఒక పాఠమును ఎవరు, ఎవరికొరకు, ఏ భయముతో మార్చిరో ఇంత స్పష్టముగా చూపు ఉదాహరణములు ప్రాచీనగ్రంథములలో అరుదు. ఫాంటమ్ దుస్తులు సైతము ఇటలీలో ఎరుపు, స్వీడనులో నీలము అయినవి. రంగు కూడ పాఠభేదమే.

వీనికంటె రసవత్తరమైనది నాయకుని పేరు. హిందీ అనువాదకులు ఫాంటమ్‌ను ‘వేతాల్’ అనిరి. వంగభాషలో ఆయన ‘అరణ్యదేవ్’ అయ్యెను. ఒకే ముసుగు మనిషిని ఒక భాష శ్మశానమునకు, మరియొక భాష వనమునకు చేర్చెను. ఒక భాష ఆతని మరణరాహిత్యమును పట్టుకొనెను, మరియొకటి ఆతని నివాసమును పట్టుకొనెను.

కిరండూల్‌లో తెలుగు కుటుంబమునందు పెరిగి, హిందీ బడిలో చదివిన పిల్లవానిని ఊహింపుడు. ఇంటిలో తెలుగు చందమామలో వాడు బేతాళుని ఎరుగును. ఆ బేతాళుడు శవమునందు చేరి కథ చెప్పును. రాజు మౌనము వీడగానే చెట్టెక్కును. స్నేహితుని సంచిలోని హిందీ పుస్తకమున వేతాళుడు తెల్లగుఱ్ఱమెక్కి దొంగలను పట్టును. రెండింటికిని పేరు ఒక్కటే. వాడు భేదమును వెంటనే గ్రహించును, సాదృశ్యమును మెల్లగా గ్రహించును. చందమామ బేతాళుడు ఒక్కడే, శవము మాత్రము వానికి ఆశ్రయము. హిందీ వేతాళుని విషయమున వేషము ఒక్కటే, లోపలి మనుష్యులు తరతరమునకు మారుదురు. తండ్రి పోగా కుమారుడు ముసుగు ధరించును, జనులు మాత్రము ఆతడు చావు లేనివాడని నమ్ముదురు. ఈ తులనమును ఏ ఆచార్యుడును ఆ పిల్లవానికి నేర్పలేదు. ఒక ద్విభాషా ప్రాంతమున రెండు పాత పుస్తకములు ఒకే అరలో ఉండుటయే నేర్పెను. సేకరణమునకు ఇంతకన్న మంచి సమర్థన నాకు తోచదు: ప్రక్కప్రక్కన పెట్టిననాడు పుస్తకములు ఒకదానినొకటి వ్యాఖ్యానించుకొనును.

6. ధ్వనులు, జంటపదములు

బొమ్మల కథలో మాటలకు బుడగ యున్నది, ధ్వనులకు గోడ లేదు. తుపాకి మ్రోత, తలుపు చప్పుడు బొమ్మలోనే అక్షరములుగా గీయబడును. అనువాదకుడు బుడగలోని మాటను మార్చగలడు. బొమ్మలో కలసిపోయిన ధ్వనిని మార్చవలెనన్న చిత్రకారుడు మరల గీయవలెను. ఈ కారణముచేత అనువాదములలో మనుష్యులు మన భాష మాటలాడుచుండగా తుపాకులు తరచుగా ఇంగ్లీషే పలుకుచుండును.

ఇది చిన్న విషయము కాదు. ధ్వన్యనుకరణము మన భాషలకు అలంకారము కాదు, ఆయువుపట్టు. ఫెళఫెళ, గలగల, దబ్బున, చిటపట, కణకణ యను మాటలు లేక తెలుగున కథ చెప్పుట దుష్కరము. ఎమెనో 1969లో ప్రకటించిన వ్యాసమున ఇట్టి పదములు ద్రావిడ, ఆర్యభాషలకు ఉమ్మడి లక్షణములనియు, భారతదేశము ఒక భాషామండలమనుటకు నిదర్శనములనియు నిరూపించెను. ఆయనకు ప్రియమైన మరియొక లక్షణము జంటపదము. తెలుగున ‘పులి గిలి’ అందుము. హిందీలో ‘శేర్ వేర్’ అందురు. బెంగాలీలో ‘బాఘ్ టాఘ్’ అందురు. పులి ఎక్కడనైన పులియే, దాని నీడ మాత్రము భాషకొక అక్షరమున పడును. ఈ మూడు నీడలును కలియు చోటు బస్తరు. పాత బొమ్మల కథల మాటల బుడగలలోనుండి ఇట్టి పదములను ఏరి, భాషలవారీగా పట్టికలు కూర్చినచో వ్యవహారభాషాచరిత్రకు ఎంతయో మేలు కలుగును. పెద్దల గ్రంథములు దిద్ది తీసివేసిన మాటలు పిల్లల పుస్తకములలో మిగిలియున్నవి.

7. చెంద్రు: బొమ్మలోని బాలుడు

ఇంతవరకు బస్తరును చదువరిగా చూచితిమి. బస్తరు తానే బొమ్మయైన పుస్తకము ఒకటి కలదు.

స్వీడన్ దేశపు చలనచిత్రకారుడు ఆర్నే సుక్స్‌డోర్ఫ్, ఒక లఘుచిత్రమునకు అంతకుముందే ఆస్కార్ పొందినవాడు, బస్తరులో నివసించి, నారాయణపూరు ప్రాంతపు ముడియా గోండుల నడుమ ఒక చిత్రము తీసెను. 1957లో వెలువడిన ఆ చిత్రమునకు ఇంగ్లీషున ‘ద ఫ్లూట్ అండ్ ది ఆరో’ అని పేరు. సంగీతము పండిత రవిశంకర్‌ది. అందలి బాలుడు గఢ్‌బెంగాల్ గ్రామవాసి చెంద్రు మండావి. చిత్రకారుని భార్య ఆస్ట్రిద్ బెరిమన్ సుక్స్‌డోర్ఫ్, చెంద్రును, పులిపిల్లను తాను తీసిన ఛాయాచిత్రములతో కథగా కూర్చెను. ఆ పుస్తకము స్వీడిష్ భాషలో 1959లోను, ఇంగ్లీషున 1960లోను ప్రకటితమయ్యెను.

ఇది గీసిన బొమ్మల కథ కాదు, ఛాయాచిత్రముల కథ. అయినను చదువు పద్ధతి ఒక్కటే. ఒక పుటలో బాలుడు, మరియొక పుటలో పులి, నడుమ ఖాళీని పూరించువాడు పాఠకుడు. నేటికిని ఆ చిత్రములను చూచినవాడు పులకించక మానడు. పులి మెడపై చేయి వేసిన పిల్లవాని ముఖమున భయము లేదు, ప్రదర్శనబుద్ధియు లేదు. పాత పుస్తకములు వెదకువారు దీనిని అపురూపముగా చూచుట సహజమే.

కాని ఒక సంగతి గమనింపవలెను. డెంకాలీ అడవిని లీ ఫాక్ ఊహించెను. అందలి బందర్ మరుగుజ్జులు కల్పితులు. గఢ్‌బెంగాల్ కల్పితము కాదు. చెంద్రు కల్పితుడు కాడు. చిత్రమువలన ఆయన స్వీడనుకు వెళ్లెను, తిరిగి వచ్చెను, తన పల్లెలో బ్రతికెను, 2013లో మరణించెను. దూరదేశముల పిల్లలకు ఆయన ఎన్నడును పెరుగని బాలుడు. తన ఊరివారికి ఆయన పొలము పనుల మనిషి, ముసలివాడైన పొరుగువాడు. పుస్తకము చివరి పుటకును ఆయన చివరి దినమునకును నడుమ అర్ధశతాబ్దికి మించిన ఖాళీ కలదు. ఏ గడియు దానిని చూపదు. ఇచ్చట పాఠకుని అధ్యాహారము సరిపోదు. ఇచ్చట కావలసినది సాక్ష్యము.

ఫాంటమ్‌ను చదువునపుడు ఖాళీని మన ఊహతో నింపుట మనకు హక్కు. చెంద్రును చదువునపుడు అది హక్కు కాదు. కల్పితపాత్రకును, జీవించిన మనుష్యునికిని గల ఈ భేదమును సేకర్త మరచినచో ఆతని ఆనందము అన్యాయముగా మారును. పుస్తకమున ఆయన మొగమున్నది, ఆయన పలుకు లేదు. మాటలు స్వీడిష్‌లో వ్రాయబడినవి. ఆ మొగము మాటలాడిన భాష గోండీ.

ఈ లోపము ఒక పుస్తకమునకు పరిమితము కాదు. చందమామ పండ్రెండుకు మించిన భాషలలో వెలువడెను. వానిలో సంతాలీ కూడ కలదు. గోండీ లేదు. అయినను గోండీ పిల్లలు చందమామను చూడలేదని చెప్పరాదు. వారు చూచిరి, హిందీలోనో తెలుగులోనో చూచిరి, బొమ్మలను తమ భాషలో చదువుకొనిరి. ఆ పఠనము ఎచ్చటను నమోదు కాలేదు. ఇటీవల కాలమున బాలల పుస్తకములను గోండీలోనికి అనువదించు ప్రయత్నములు జరిగినవి, ఇది సంతోషింపదగినది. అయితే ఆ తొలి పాఠకులు నేడు ముదుసలులు. వారి జ్ఞాపకములు కాగితముకంటె త్వరగా చెదలు పట్టును.

8. భద్రపరచుట, బోధించుట

చెదలను గూర్చిన మాట వచ్చినది గనుక కాగితమును గూర్చి నాలుగు మాటలు. ఈ పుస్తకములలో అధికభాగము వార్తాపత్రికలకు వాడు చౌక కాగితముపై అచ్చయినవి. కొయ్యగుజ్జులోని లిగ్నిన్ వెలుతురునకు, గాలికి పసుపెక్కును. ఆమ్లము పుట్టి కాగితము పెళుసెక్కును. బస్తరు వానకాలపు తేమ ఇనుప పిన్నులకు త్రుప్పు పట్టించును. త్రుప్పు పుటను తినును. కనుక త్రుప్పు పిన్నును మెల్లగా తీసి, నూలుదారముతో కుట్టవలెను. అంటుకాగితము వేయరాదు, దాని జిగురు కొన్నేండ్లకు మరకయై మిగులును. ప్లాస్టిక్ పూత అసలే వేయరాదు. ఆమ్లరహితమగు కాగితపు కవరులో ఉంచి, పెట్టెలో పరచి, వెలుతురు సోకని పొడిచోట నిలువజేయవలెను. అప్పుడప్పుడు తెరచి గాలి తగులనీయవలెను. చదువని సేకరణము చెదల సేకరణమే యగును.

పుటపై పిల్లలు వ్రాసిన వ్రాతలను చెరుపరాదు. రాకుమారికి పెట్టిన మీసము, అద్దె పుస్తకముల దుకాణపు ముద్ర, ‘ఈ పుస్తకము తీసినవాడు దొంగ’ అను శాపము, ఇవన్నియు పఠనచరిత్రకు ఆధారములు. మచ్చలేని ప్రతిని వ్యాపారి కోరును. చదివిన గుర్తులు గల ప్రతిని పరిశోధకుడు కోరవలెను.

తెలుగు మాతృభాష కాని విద్యార్థులకు తెలుగు బోధించు నావంటివారికి ఈ పుస్తకములు మంచి పాఠ్యసాధనములు. ఒక పద్ధతిని ఇచ్చట సూచింతును. బుడగలను తెల్లకాగితముతో కప్పి, బొమ్మలను మాత్రము చూపి, విద్యార్థిచేత ముందుగా అతని ఇంటి భాషలో కథ చెప్పింపవలెను. దానిని ధ్వనిముద్రణము చేయవలెను. పిమ్మట తెలుగున చెప్పింపవలెను. చివరకు బుడగలు తెరచి అచ్చు పాఠముతో పోల్చింపవలెను. మొదటి కథనమున జంటపదములు, ధ్వనులు, బంధువాచకములు సహజముగా దొరలును. రెండవదానిలో ఏవి జారిపోయినవో తెలియును. మూడవదానిలో రచయిత ఎన్నుకొనిన మాట విలువ తెలియును. విద్యార్థి దోర్లా, గోండీ, హల్బీ, బెంగాలీలలో ఏది మాటలాడువాడైనను ఈ పాఠము సాగును. గురువు ఆ గంటలో శిష్యుడగును. అది గురువునకు మేలే.

9. కర్తవ్యము

భాషాశాఖలు చేయదగిన పనులు రెండు కనబడుచున్నవి. ఒకటి, తెలుగు బొమ్మల కథలకు సమగ్రమగు సూచి. అందు శీర్షిక, రచయిత, చిత్రకారుడు, సంచిక, వెల, ప్రకటనలు, ఇతరభాషా ప్రతులు, ప్రతి లభించిన చోటు, పూర్వస్వామి గుర్తులు, ఇన్నియు నమోదు కావలెను. చిత్రకారుని పేరు లేని సూచి సగము సూచియే. రెండు, సరిహద్దు ప్రాంతములలోని పాత పాఠకుల కథనముల సంకలనము. కోంటా, భోపాలపట్నము, కిరండూల్, బచేలీ, జగదల్పూరు, నారాయణపూరులలో అరువది డెబ్బది యేండ్లవారిని కలసి, వారు ఏ పుస్తకమును, ఏ భాషలో, ఎవరి ఒడిలో కూర్చుండి చూచిరో వారి మాటలలోనే గ్రహింపవలెను. మొదటి పనికి కాగితము ఇంకను కొంతకాలము ఓర్చును. రెండవదానికి కాలము లేదు.

పాత బొమ్మల కథను తెరచినవానికి మొదట కలుగునది అద్భుతరసము. రెండవమారు చదివినచో పాఠభేదము కనిపించును. మూడవమారు చదివినచో ఆ పుస్తకమును తనకు ముందు చదివినవారు కనిపింతురు. ఆ ముగ్గురు పాఠకులును ఒకే మనిషిలో ఉండవచ్చును. ఉన్ననాడే సేకరణము విద్య యగును. దక్షిణ బస్తరు గ్రామములకు పరిశోధకవిద్యార్థులను పంపు శాఖలు వారి సంచులలో ప్రశ్నావళులతోపాటు బుడగలు కప్పిన నాలుగు పాత పుస్తకములను కూడ ఉంచవలెనని మనవి. ప్రశ్నకు జవాబు చెప్పనివారు బొమ్మకు కథ చెప్పుదురు.